జీడి ఫ్యాక్టరీ లెక్కలు: చిట్టా పుస్తకమా, కంప్యూటరా? (34 మంది, కిలో రేటు, వారం బట్వాడా)

కాశీబుగ్గ_చిట్టా (ప్రశ్న)

మాస్టార్లందరికీ నమస్కారం. కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్, మొత్తం 34 మంది. పిక్కలు కొట్టేవాళ్లు, తొక్క తీసేవాళ్లు, గ్రేడింగ్‌లో కూర్చునేవాళ్లు కలిపి 30 మందికి కిలో రేటు. బాయిలర్, డ్రయ్యర్ దగ్గర నలుగురికి నెల జీతం. కూలీ బట్వాడా ప్రతి శనివారం. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ ఉన్నాయి.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది. తూకం దగ్గర చీటీ రాస్తారు. చీటీ నుంచి మస్టరులోకి (హాజరు, పని రాసే పుస్తకం), మస్టరు నుంచి బట్వాడా పట్టీలోకి (ఎవరికెంత కూలీ ఇచ్చామో రాసే జాబితా), పట్టీ మొత్తం చిట్టాలోకి (రోజువారీ జమాఖర్చుల పుస్తకం), అక్కడి నుంచి ఆవర్జాలోకి (ఖాతాల పుస్తకం, లెడ్జర్) ఎక్కుతుంది. నెలాఖరుకు ఆడిటర్ గారి దగ్గర పనిచేసే అబ్బాయి వచ్చి తూకం చీటీలు ముందేసుకుని మళ్లీ ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) కొడతాడు. పీఎఫ్ రిటర్ను కూడా ఆ లెక్క నుంచే వేస్తాడు. చిట్టాలో కూలీ మొత్తం ఒకటి, ట్యాలీలో ఇంకొకటి. ఏ నెలా రెండూ కలవలేదు.

యజమాని పుస్తకాలు తీసేసి అంతా కంప్యూటర్‌లో పెట్టేద్దామంటున్నారు. తీసేయొచ్చా? ముందు ఏది మార్చాలి? వేలిముద్ర మెషిన్ పెడితే హాజరు దానంతటదే వచ్చేస్తుందని అమ్మేవాళ్లు చెబుతున్నారు, ఇది మన పనికి కుదురుతుందా?

---

నెల్లిమర్ల_షిఫ్టు

చివరి ప్రశ్నకు ముందు జవాబు, ఎందుకంటే డబ్బు తగలేసేది అదే. జీడి పనిలో వేలిముద్ర మెషిన్ వద్దు. పిక్క పెంకులోని జీడి రసంలో అనకార్డిక్ యాసిడ్, కార్డాల్ ఉంటాయి, చర్మాన్ని తినేస్తాయి. కొట్టే వాళ్ల బొటనవేలు, చూపుడువేలు చివర్లు నున్నగా అరిగిపోయి గీతలే ఉండవు. మొదటి వారం నమోదు చేసిన ముద్ర మూడో వారానికి పట్టదు. పట్టకపోతే సూపర్‌వైజర్ చేత్తో హాజరు వేస్తాడు. రోజూ పది మందికి చేత్తో వేసే మెషిన్‌కి మస్టరుకీ తేడా ఏముంది?

ముఖం చూసే మెషిన్ తీసుకోండి, లేదా గీకే కార్డు. ముఖం మెషిన్ తలుపుకి ఎదురుగా పెట్టకండి, పొద్దున్న ఎండ కెమెరాలో పడితే ఎవరినీ గుర్తుపట్టదు. బాయిలర్ ఆవిరి తగలని గోడకి, నాలుగున్నర అడుగుల ఎత్తులో.

ఇంకో మాట. ఆ మెషిన్ మనిషి వచ్చిందా లేదా అన్నదే చెబుతుంది, ఎన్ని కిలోలు తీసిందో చెప్పదు. కిలో రేటు ఉన్నచోట కూలీకి హాజరు అక్కర్లేదని చాలామంది వదిలేస్తారు. అది తప్పు. ఈఎస్ఐలో పనిచేసిన రోజులు చూపాలి, పీఎఫ్‌లో కూలీ లేని రోజులు చూపాలి. దాని గురించి తర్వాత రాస్తాను, పెద్ద కథ.

---

బొబ్బిలి_ఆవర్జా

పుస్తకాలు తీసేయొచ్చా అని అడిగారు. ఏ పుస్తకం అన్నది ముఖ్యం. మీరు చెప్పినదాంట్లో ఒకే అంకె ఆరు చోట్ల రాస్తున్నారు: చీటీ, మస్టరు, పట్టీ, చిట్టా, ఆవర్జా, ట్యాలీ. 30 మంది, రోజుకి రెండు తూకాలు, 26 రోజులు అంటే నెలకి 1,560 అంకెలు. అవి చీటీ నుంచి మస్టరుకి ఎక్కేటప్పుడే తప్పు దొర్లే చోట్లు 1,560. ఎంత నిదానస్తుడైన గుమస్తా అయినా శుక్రవారం రాత్రి ఎక్కించేటప్పుడు 69ని 96 చేస్తాడు.

చేతి లెక్కలో ఉన్న సుగుణం ఏంటంటే తప్పు వెతుక్కునే దారి కూడా అందులోనే ఉంటుంది. తేరీజు (అన్ని ఖాతాల జమ, ఖర్చు నిల్వల పట్టిక) కలవనప్పుడు తేడాని ముందు 9తో భాగించండి. శేషం లేకుండా పోతే రెండు అంకెలు అటూ ఇటూ మారి ఉంటాయి: 5,420 బదులు 5,240 రాస్తే తేడా 180, అంటే 9 ఇరవైలు. లేదా ఒక సున్నా ఎగిరిపోయి ఉంటుంది. తర్వాత తేడాని సగం చేయండి. ఆ సగం ఏదో ఒక పద్దుతో సరిపోతే జమ వైపు పడాల్సింది ఖర్చు వైపు పడినట్టు. 10, 100, 1,000 ఇలా గుండ్రంగా తేడా వస్తే కూడికలో చేతి అంకె మర్చిపోయారు. ఈ మూడూ చూశాకే పద్దు పద్దూ టిక్కు పెట్టుకుంటూ వెళ్లాలి.

కంప్యూటర్‌లో తేరీజు ఎప్పుడూ కలుస్తుంది, అదే చిక్కు. జమ, ఖర్చు సమానం కాకపోతే పద్దే తీసుకోదు కదా. కానీ బాయిలర్ కట్టెల ఖర్చు మెషినరీ ఖాతాలో పడినా, అసలు ఒక చీటీ ఎక్కించడమే మర్చిపోయినా అది నవ్వుతూ కలిసిందనే చూపిస్తుంది.

---

నాగావళి_తేరీజు

ప్రశ్న వేసినవారికి: ట్యాలీ లెక్క, చిట్టా లెక్క కలవకపోవడానికి పుస్తకమూ కంప్యూటరూ రెండూ కారణం కాదనుకుంటున్నాను. మీది వారం బట్వాడా, రిటర్ను నెలది. ఇది చూడండి.

పోయిన నెల 1వ తేదీ సోమవారం, 31 బుధవారం అయింది. ఆఖరి వారంలో సోమ, మంగళ, బుధ ఆ నెలవి. గురు, శుక్ర, శని కొత్త నెలవి. ఆ వారం కూలీ మొత్తం శనివారం, అంటే కొత్త నెల 3న ఇచ్చారు. చిట్టాలో డబ్బు వెళ్లిన రోజు పద్దు పడుతుంది కాబట్టి ఆ మూడు రోజుల కూలీ పోయిన నెలలో కనపడదు. ఆడిటర్ గారి అబ్బాయి చీటీల తేదీ చూసి కొడుతున్నాడు కాబట్టి ట్యాలీలో కనపడుతుంది. రెండూ వాటి వాటి మటుకు కరెక్టే.

రెండో కారణం, సీజన్‌కి ముందు ఇచ్చిన అడ్వాన్సు. చిట్టాలో మీరు కోత పోను చేతికిచ్చిన డబ్బు రాస్తూ ఉంటారు. ట్యాలీలో మొత్తం కూలీ పడుతుంది. అడ్వాన్సు మినహాయింపు అంతా తేడాగా మిగులుతుంది.

చేయవలసింది: ఆవర్జాలో "ఇవ్వవలసిన కూలీ" అని ఒక ఖాతా తెరవండి. పని జరిగిన నెలాఖరున ఆ నెల కూలీ మొత్తం కూలీ ఖాతాకి ఖర్చు, ఈ ఖాతాకి జమ. శనివారం డబ్బిచ్చినప్పుడు ఈ ఖాతాకే ఖర్చు. అడ్వాన్సు కోత, పీఎఫ్, ఈఎస్ఐ కోతలు కూడా దీని నుంచే వాటి వాటి ఖాతాలకి పోవాలి. నెల తెగిన వారానికి బట్వాడా పట్టీ రెండు ముక్కలుగా కూడండి: బుధవారం వరకు ఒక మొత్తం, గురువారం నుంచి ఇంకో మొత్తం. ఒక అడ్డగీత చాలు. నెలాఖరుకు ఆ ఖాతాలో మిగిలేది సరిగ్గా ఆ మూడు రోజుల కూలీయే అవ్వాలి. ఇంకేమైనా మిగిలితే అదే అసలు తప్పు.

---

కాశీబుగ్గ_చిట్టా

గురువుగారూ, ఇప్పుడే వేసి చూశాను. పోయిన నెల తేడా 49,700. అందులో 29, 30, 31 తేదీల కూలీ 38,070. అడ్వాన్సు కోత 22 మందికి తలా 500, మొత్తం 11,000. పీఎఫ్, ఈఎస్ఐ కోతలు వేరే పేజీలో ఉన్నాయి, అవి ట్యాలీతో సరిపోయాయి. ఇంకా 630 మిగిలింది.

---

బొబ్బిలి_ఆవర్జా

630 అంటే 9 డెబ్బైలు. వందల అంకె, పదుల అంకె తారుమారైనట్టుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా 7 ఉండాలి: 92 బదులు 29, 81 బదులు 18, 70 బదులు 07. నాలుగు వారాల పట్టీల్లో మధ్యలో 92, 29, 81, 18, 70, 07 ఉన్న మొత్తాలు మాత్రమే పట్టుకుని చీటీలతో సరిచూడండి. 120 పద్దులూ చూడక్కర్లేదు.

---

విజీనగరం_ఎక్సెల్

పూర్తి సాఫ్ట్‌వేర్‌కి పోకముందు ఎక్సెల్‌తో మొదలుపెట్టడం మంచిది, కానీ దాని గుంటలు తెలిసి దిగాలి.

షీట్లు నాలుగు. మొదటిది మనుషుల పట్టిక: కోడు, ఆధార్‌లో ఉన్న పేరు, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు), ఈఎస్ఐ నంబరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా. రెండోది రేట్లు: ఏ పనికి కిలో ఎంత, ఏ తేదీ నుంచి. రేటు పెంచినప్పుడు పాత వరస చెరపకుండా కింద కొత్త వరస రాయండి. మూడోది రోజువారీ తూకం: తేదీ, చీటీ నంబరు, కోడు, పని, కిలోలు. ఇందులో ఇంకేం రాయకూడదు, డబ్బు అసలు రాయకూడదు. నాలుగోది పట్టీ, అది ఫార్ములాలతో దానంతటదే రావాలి.

కోడు ఎందుకంటే మన వైపు ఒక షెడ్‌లో అప్పలనరసమ్మలు ముగ్గురు, లక్ష్ములు నలుగురు ఉంటారు. చీటీ మీద పేరు కాదు, కోడు రాయించండి. రేకు బిళ్ల మీద నంబరు కొట్టించి బుట్టకి కట్టేస్తే తూకం దగ్గర అడగాల్సిన పని కూడా లేదు.

ఇక తప్పులు పుట్టే చోట్లు:

యూఏఎన్ 12 అంకెలు. మామూలు గడిలో కొడితే ఎక్సెల్ దాన్ని దశాంశం పెట్టి కుదించి చూపిస్తుంది. అలాగే కామాల ఫైలుగా (సీఎస్‌వీ) సేవ్ చేస్తే చివరి అంకెలు పోయినట్టే. ఈఎస్ఐ యాజమాన్యం కోడు 17 అంకెలు. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది, చివరి రెండూ సున్నాలైపోతాయి. బ్యాంకు ఖాతా ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఈ గడులన్నిటినీ అంకెలు కొట్టకముందే టెక్స్ట్‌గా మార్చండి, కొట్టాక మారిస్తే పోయింది తిరిగిరాదు.

కిలోల గడిలో "12.5 కి" అని ఎవరైనా కొడితే అది అంకె కాదు, కూడికలో పడదు, తప్పని చెప్పదు కూడా. డేటా వ్యాలిడేషన్ పెట్టి 0 నుంచి 40 మధ్య అంకె తప్ప తీసుకోకుండా చేయండి. మీ షెడ్‌లో ఒక తూకానికి గరిష్ఠం ఎంతో అది పెట్టుకోండి.

కొత్త మనిషి చేరితే ఆఖరి వరస కింద పేరు కలుపుతారు, కానీ మొత్తం ఫార్ములా పాత వరస దగ్గరే ఆగిపోతుంది. పట్టీ కింద మనుషుల సంఖ్య లెక్కపెట్టే గడి ఒకటి పెట్టండి, ఇప్పుడైతే కిలో రేటువాళ్లు 30 అని చూపించాలి.

---

నెల్లిమర్ల_షిఫ్టు

ఇప్పుడు పీఎఫ్, ఈఎస్ఐ. చేతి లెక్క నుంచి మెషిన్‌కి మారేటప్పుడు ఎక్కువ గొడవ ఇక్కడే.

నెల కూలీ 11,080 అనుకోండి. పీఎఫ్ 12 శాతం: 1,329.60, దగ్గరి రూపాయికి 1,330. యాజమాన్యం వైపు పింఛనుకి 8.33 శాతం: 922.96, అంటే 923. మిగిలిన 407 యాజమాన్యం పీఎఫ్ వాటా. ఆ 407ని 3.67 శాతంగా విడిగా లెక్కకట్టకండి, 1,330లోంచి 923 తీసేయాలి. విడిగా కడితే కొందరికి రూపాయి తేడా వచ్చి ఫైలు తిరగ్గొడుతుంది.

ఈఎస్ఐ మనిషి వాటా 0.75 శాతం: 83.10. ఇది 83 కాదు, 84. ఈఎస్ఐలో పైసా ఉన్నా పై రూపాయికే పోతుంది. ఎక్సెల్‌లో మామూలు రౌండ్ పెడితే 83 వస్తుంది, రౌండప్ పెట్టాలి. యాజమాన్యం వాటా 3.25 శాతం మాత్రం మనిషి మనిషికీ కాదు, అందరి కూలీ మొత్తం మీద ఒకేసారి కట్టి పైకి సవరించాలి. ఒకే పట్టీలో రెండు రకాల సవరింపు. చేతి లెక్కవాళ్లకి ఇది అలవాటే, కంప్యూటర్‌కి ఎవరో చెప్పాలి.

జీడికి 12 శాతం. జూట్, బీడీ, ఇటుక, కొబ్బరి పీచు, గోరుచిక్కుడు గమ్ పరిశ్రమలకి మాత్రం 10 శాతం. మా జిల్లా జూట్ మిల్లులు, మీ ఉద్దానం కొబ్బరి పీచు యూనిట్లు ఇందులోకి వస్తాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం అడక్కుండా 12 వేసి కూర్చుంటుంది. 10 శాతం ఉన్నచోట ఇదే 11,080కి 1,108, పింఛను అదే 923, మిగిలేది 185.

15,000 దాటిన నెల జీతగాడికి పరిమితి మీదే కడితే 1,800, పింఛను 1,250, మిగతా 550. 58 ఏళ్లు నిండినవాళ్లకి పింఛను వాటా ఆగిపోతుంది, ఆ డబ్బంతా పీఎఫ్ ఖాతాకే పోవాలి. చేతి పట్టీలో పుట్టిన తేదీ గడే ఉండదు కాబట్టి ఇది ఏళ్ల తరబడి తెలియకుండా పోతుంది, పెద్దావిడ డబ్బు తీసుకోబోయినప్పుడు క్లెయిము తిరిగొస్తుంది.

రోజుల సంగతి చెబుతానన్నాను. ఈఎస్ఐ చందా కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఒక చందా కాలంలో కనీసం 78 రోజులకి చందా ఉంటేనే తర్వాతి లబ్ధి కాలంలో జబ్బు సెలవు డబ్బు, అంటే కూలీలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. పిక్కలు దొరకని నెలల్లో పని తగ్గిపోయే మీలాంటి చోట ఒక్కో రోజూ విలువైనదే. కిలోలు మాత్రమే రాసి, రోజులు అందాజుగా నెలకి 12 అని కొట్టేస్తే ఆరు నెలలకి 72. అసలు 80 రోజులు పనిచేసిన మనిషి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక్క రూపాయి రాదు. అందుకే హాజరు, తూకం రెండూ కావాలి. తూకం చీటీ ఉన్న ప్రతి తేదీకీ హాజరు ఉందా అని ఎక్సెల్‌తో సరిచూసుకోండి. చీటీ ఉండి హాజరు లేకపోతే మెషిన్ తప్పు, హాజరు ఉండి చీటీ లేకపోతే తూకం దగ్గర ఏదో జరిగింది.

రెండింటికీ గడువు తర్వాతి నెల 15. పీఎఫ్ ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన 2024 జూన్ నుంచి నెలకి 1 శాతం జరిమానా.

---

కాశీబుగ్గ_చిట్టా

పీఎఫ్ ఫైలు మేమే తయారుచేసుకోవచ్చా, దానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలా?

---

నెల్లిమర్ల_షిఫ్టు

అక్కర్లేదు బాబూ. అది మామూలు టెక్స్ట్ ఫైలు. మనిషికి ఒక వరస, వరసకి 11 గడులు: యూఏఎన్, పేరు, మొత్తం కూలీ, పీఎఫ్ కూలీ, పింఛను కూలీ, బీమా కూలీ, పీఎఫ్ చందా, పింఛను చందా, రెండింటి తేడా, కూలీ లేని రోజులు, తిరిగి కట్టిన అడ్వాన్సు. గడికీ గడికీ మధ్య #~# గుర్తు. ఎక్సెల్‌లో ఒక గడిలో అన్నీ కలిపే ఫార్ములా రాసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. రూపాయిల్లో చుక్కలు, కామాలు ఉండకూడదు. చివర్న ఖాళీ వరస ఉన్నా తప్పు చూపిస్తుంది. ఆ ఆఖరి గడి అడ్వాన్సు పీఎఫ్ అడ్వాన్సు, మీరు సీజన్‌కి ఇచ్చినది కాదు. అక్కడ 500 వేస్తే గొడవే, సున్నా వేయండి.

ఈఎస్ఐది పాత రకం ఎక్సెల్ ఫైలే తీసుకుంటుంది. ఆ నెల అసలు రానివాళ్లకి రోజులు 0 వేసి ఊరుకోకూడదు, కారణం కోడు ఇవ్వాలి.

కొత్తగా చేరేవాళ్లకి ఇంకో సంగతి: 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉంటే చేరిన రోజే సరిచేయించండి. 14వ తారీఖు రాత్రి కాదు.

---

ఉద్దానం_పిక్క

అందరూ జీతాల మీదే పడ్డారు గాని, జీడి యూనిట్‌లో చిట్టా పుస్తకం వల్ల ఎక్కువ నష్టం పిక్కల కొనుగోలులో. రైతు నుంచి నేరుగా కొన్న పిక్కల మీద జీఎస్టీ రైతు కట్టడు, కొన్న రిజిస్టర్డ్ యూనిట్టే రివర్స్ చార్జ్ (అమ్మినవాడి బదులు కొన్నవాడు పన్ను కట్టడం) కింద 5 శాతం కట్టాలి. 50 బస్తాలు కొన్నారనుకోండి, మన లెక్క బస్తాకి 80 కిలోలు, 4,000 కిలోలు. ఉదాహరణకి బస్తా 14,000 వేసుకుంటే 7 లక్షలు, దాని మీద 35,000. ఇది క్రెడిట్ లెడ్జర్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్ను నిల్వ) నుంచి కుదరదు, నగదు లెడ్జర్ నుంచే కట్టాలి. కట్టాక అంతే క్రెడిట్ తీసుకోవచ్చు. కొనుగోలుకి మనకి మనమే బిల్లు రాసుకోవాలి, 30 రోజుల్లోపు.

చిట్టాలో "పిక్కలు, ఫలానా ఊరు, 7,00,000" అని ఒక్క ముక్క ఉంటుంది. అది రైతా, రిజిస్టర్డ్ వ్యాపారా అన్నది ఉండదు. వ్యాపారి అయితే వాళ్ల బిల్లులోనే పన్ను ఉంటుంది, మళ్లీ కడితే రెండుసార్లు కట్టినట్టు. అందుకని కంప్యూటర్‌లో రెండు కొనుగోలు ఖాతాలు వేరువేరుగా తెరవండి.

స్టాకు కూడా. బస్తాల్లో కొంటాం, కిలోల్లో పంచుతాం, అమ్మేటప్పుడు గ్రేడు: డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 (ఇవి గుండు పప్పు సైజులు), బద్ద, ముక్క. సాఫ్ట్‌వేర్‌లో కొలత కిలో ఒక్కటే పెట్టి బస్తాని 80 కిలోలుగా మార్చమనండి. ఉడకబెట్టిన బ్యాచ్‌కి ఒక నంబరు ఇచ్చి, వేసిన పిక్కలు, వచ్చిన పప్పు, పెంకు, తరుగు నాలుగూ ఒకే పద్దులో రాయండి. పప్పు మాత్రమే ఎక్కిస్తే స్టాకులో పిక్కలు గుట్టలుగా పెరిగిపోతాయి, గోడౌన్‌లో మాత్రం ఏమీ ఉండదు. ఇంకోటి, తొక్క తీసినవాళ్ల చీటీల మొత్తం కిలోలు ఆ రోజు గ్రేడింగ్‌కి వెళ్లిన పప్పు, ముక్క, తొక్క కలిపితే వచ్చే దానికి దగ్గరగా ఉండాలి. ఎక్కువ ఉంటే ఎవరి చీటీయో రెండుసార్లు ఎక్కింది.

---

మందస_గాలి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు 15కి పీఎఫ్ గడువు, దసరా బోనసు కూడా ఆ రోజుల్లోనే. కంప్యూటర్‌లోనే అన్నీ ఉంటే బట్వాడా ఎలా ఇస్తారు? ప్రతి శుక్రవారం సాయంత్రం పట్టీ ప్రింటు తీసి పెట్టండి. బ్యాకప్ రెండు పెన్ డ్రైవులు, ఒకటి ఫ్యాక్టరీ కప్పు కింద కాకుండా ఇంట్లో, ఇంకో కాపీ నెట్‌లో. కంప్యూటర్ నేల మీద పెట్టొద్దు. పుస్తకాలైనా అంతే, కింది అరలో పెట్టిన ఆవర్జా నీళ్లలో నానితే సిరా కరిగి అన్ని పద్దులూ ఒకే రంగు.

---

నాగావళి_తేరీజు

తీసేయకూడని కాగితం ఒకటుంది. తూకం చీటీ. వరస నంబర్లు అచ్చువేయించిన పుస్తకం, కార్బన్ పెట్టి రెండు ప్రతులు, ఒకటి పని చేసినావిడకి. కార్మికురాలి చేతిలో కాగితం లేకపోతే రేపు "నా కిలోలు తక్కువ వేశారు" అంటే మీ దగ్గరున్నది మీరే కొట్టిన అంకె. తెరమీది అంకెకి ఎవరూ వేలిముద్ర వేయరు. మస్టరు పోవచ్చు, పట్టీ చేత్తో రాయడం పోవచ్చు, ఆవర్జా పోవచ్చు. చీటీ, బట్వాడా పట్టీ మీద సంతకం, ఓచర్లు ఉండాలి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి.

మార్పు ఒకేసారి వద్దు. మూడు నెలలు రెండూ నడపండి, కానీ సరైన పద్ధతిలో. మొదటి నెల చేతి పట్టీతో కూలీ ఇచ్చి, కంప్యూటర్ పట్టీతో మనిషి మనిషికీ పోల్చాలి. మొత్తాలు పోల్చడం సరిపోదు, ఒకరికి 200 ఎక్కువ, ఇంకొకరికి 200 తక్కువ ఉంటే మొత్తం కలిసిపోతుంది. రెండో నెల కంప్యూటర్ పట్టీతో ఇచ్చి చేతి పట్టీతో సరిచూడాలి. మూడో నెల ఐదుగురివి మాత్రం ఏదో ఒక వరసలో తీసి చేత్తో కట్టి చూడాలి. ఏప్రిల్ 1 నుంచి మొదలుపెడితే తెరిచే నిల్వల తలనొప్పి తక్కువ. అడ్వాన్సు నిల్వ ఒక్కొక్కరి పేరన వేరుగా ఎక్కించాలి, "కూలీల అడ్వాన్సు" అని ఒకే మొత్తంగా కాదు.

మారుతున్నప్పుడే కూలీ నిబంధనలు కూడా చూసుకోండి. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. భత్యాలు మొత్తంలో సగం దాటితే దాటిన భాగం వేతనంగానే లెక్క. మానేసినవాళ్లకి రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. కోతలన్నీ కలిపి కూలీలో 50 శాతం దాటకూడదు. సీజన్ చివర్లో మిగిలిన అడ్వాన్సంతా ఒకే వారంలో పట్టేసుకునే అలవాటు చాలాచోట్ల ఉంది, ఆ గడిలోనే సాఫ్ట్‌వేర్ చేత హద్దు పెట్టించండి.

---

విజీనగరం_ఎక్సెల్

ఎక్సెల్‌లో పద్దు మార్చినా జాడ ఉండదు కదా, ఆడిట్‌లో ఒప్పుకుంటారా?

---

నాగావళి_తేరీజు

కంపెనీ అయితే కుదరదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పూ నమోదయ్యే సాఫ్ట్‌వేర్‌లోనే కంపెనీల లెక్కలుండాలి, ఆ జాడని ఆపే వీలు కూడా ఉండకూడదు. సొంత వ్యాపారానికీ, భాగస్వామ్య సంస్థకీ ఆ నిబంధన లేదు. అయినా కూలీ లెక్క ఎక్సెల్‌లో, ఖాతాలు ట్యాలీలో ఉంచి, నెలకి ఒకే ఒక్క జర్నల్ పద్దుతో కలపడం మీ సైజుకి సరిపోతుంది. ట్యాలీ పేరోల్‌లోనే ఉత్పత్తి రకం పెట్టి కిలోలతో కూలీ కట్టించొచ్చు, కానీ 30 మందికి రోజుకి రెండు తూకాలు అందులో కొట్టడం కంటే ఎక్సెల్‌లో వేగం. ఈ విషయంలో వేరే అభిప్రాయం ఉన్నవాళ్లుంటారు.

---

బొబ్బిలి_ఆవర్జా

ఉన్నాను. ఎక్సెల్‌లో ఎవరైనా రాత్రికి రాత్రి అంకె మార్చొచ్చు. చేతి పుస్తకంలో దిద్దితే కనపడుతుంది. దిద్దే పద్ధతి కూడా ఉంది: తప్పు అంకె చదవగలిగేలా ఒక్క గీత, పైన ఒప్పు, పక్కన పొట్టి సంతకం. రోజువారీ తూకం షీటు సాయంత్రం ప్రింటు తీసి సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టిస్తేనే నేను ఎక్సెల్‌కి ఒప్పుకుంటాను. ఇక ఎనిమిది, పది మందికి నెల జీతమిచ్చే దుకాణాలవాళ్లు ఈ చర్చ చదివి సాఫ్ట్‌వేర్ కొనకండి, ఒక నెల పట్టీ అరపూట పని.

---

కాశీబుగ్గ_చిట్టా

630 దొరికింది మాస్టారూ. మూడో వారం. చీటీలు కూడితే 2,920, మస్టరులో కూడా 2,920, బట్వాడా పట్టీలో 2,290. ఆవిడ వేలిముద్ర 2,290 ఎదురుగా ఉంది. ఆ రోజు నగదు నిల్వ సరిపోయింది. పీఎఫ్ ఏమైనా మళ్లీ కట్టాలా?

---

నాగావళి_తేరీజు

నగదు సరిపోయిందంటే రాత తప్పు కాదు, ఆవిడకి నిజంగానే 630 తక్కువ ఇచ్చారు. పీఎఫ్ రిటర్ను ట్యాలీ నుంచి వేశారన్నారు, ట్యాలీలో చీటీల ప్రకారం 2,920 పడింది, కాబట్టి చందా సరిగానే వెళ్లింది. మళ్లీ కట్టేది లేదు. ఈ శనివారం వరకు ఆగక్కర్లేదు, రేపే ఇచ్చేయండి. పట్టీలో కొత్త వరస, "ఫలానా వారం బాకీ" అని, ఎదురుగా వేలిముద్ర. పద్దు ఇవ్వవలసిన కూలీ ఖాతాకే వేయండి, ఈ నెల కూలీలో కలపకండి. ఆవిడ వేలిముద్ర పడకపోతే సూపర్‌వైజర్ కాకుండా పక్కన పనిచేసే ఇంకొకావిడ సాక్షి సంతకం తీసుకోండి.